పేరు చెప్పే అడుగుదాం
(అమలాపురంలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అద్దె ఇళ్ళ సమస్య మీద మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు కొంచెం వెనుకాడాను. రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు వంటి పెద్ద విషయాల పక్కన ఇది చిన్నదిగా కనిపిస్తుంది. పైగా ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం. ఉద్యోగం రాకపోతే పదిమందికి చెప్పుకుంటాం. ఇల్లు ఇవ్వలేదని మాత్రం చెప్పుకోము. ఎవరైనా అడిగితే "కుదరలేదండీ" అని ఊరుకుంటాం. నేను ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కాగితం మీదకు ఎక్కని బాధ ఏ దస్త్రంలోనూ ఉండదని నాకు బాగా తెలుసు. దస్త్రంలో లేనిది ప్రభుత్వం దృష్టిలో జరగనట్టే. అందుకే చివరకు ఒప్పుకున్నాను.

ముందు నా మొదటి అద్దె ఇంటి సంగతి చెబుతాను. 1985లో నాకు రాజోలు బదిలీ అయింది. పెళ్ళై ఏడాది కూడా కాలేదు. సంచి భుజాన వేసుకుని వీధులు తిరుగుతుంటే ఒక పెంకుటింటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ పిలిచి, "ఎవరి కోసం బాబూ?" అని అడిగారు. నా పేరు, ఊరు, ఉద్యోగం చెప్పాను. ఆవిడ శాకాహారులు, నియమ నిష్ఠలు కలవారు. ఒక్క క్షణం ఆలోచించి మూడు షరతులు చెప్పారు. నూతి దగ్గర మాంసం కడగకూడదు, చెత్త పెరటి మూలకే వేయాలి, అద్దె ఐదో తారీఖు దాటకూడదు. ఆ మూడూ నా మొహం మీదే చెప్పారు. నేను ఒప్పుకున్నాను. నాలుగేళ్ళు ఆ వాటాలో ఉన్నాం. మా పెద్దమ్మాయి ఆ ఇంట్లో ఉండగానే పుట్టింది. రంజాను నెలలో సహరీకి లేవడానికి మా గోడ తట్టి లేపింది ఆవిడే. ఆవిడకు ఎలాగూ మూడింటికే మెలకువ వచ్చేది.

ఆ రోజులన్నీ బంగారమని నేను అనబోవడం లేదు. అదే ఊళ్ళో, అదే కార్యాలయంలో నాతో పనిచేసిన ఒక దళిత మిత్రుడు ఇల్లు దొరక్క ఏడాదిపాటు రోజూ రేవు దాటి వచ్చిపోయాడు. నాకు అరుగు మీద నుంచి పిలుపు వచ్చింది కానీ అతనికి రాలేదు. ఈ మాట ఇక్కడే ఎందుకు చెబుతున్నానో తరువాత మీకే తెలుస్తుంది.

అయితే ఆ పెద్దావిడ షరతులలో ఒక మేలుంది. మొహం మీద చెప్పిన షరతుకు జవాబు చెప్పవచ్చు. చెప్పని షరతుకు జవాబు ఎలా చెబుతాం? నేడు మన ముందున్న చిక్కు ఇదే.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటుతో పాటు జిల్లా కార్యాలయాలు వచ్చాయి. ఉద్యోగులు వచ్చారు. పిల్లల చదువులకని కొత్తపేట నుంచి, రాజోలు నుంచి, లంక గ్రామాల నుంచి కుటుంబాలు ఎప్పటి నుంచో వస్తూనే ఉన్నాయి. కొబ్బరితోటలున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. ఆ ఫ్లాట్ల యజమానులలో చాలామంది ఊళ్ళో ఉండరు. ఒకరు మస్కట్‌లో, ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటారు. దస్తావేజు వారి దగ్గర, తాళంచెవి మరొకరి దగ్గర. ఆ మరొకరినే మనం మేనేజరు అంటాం. కొన్నిచోట్ల ఆయన యజమానికి బావమరిది, కొన్నిచోట్ల అసోసియేషన్ కార్యదర్శి, కొన్నిచోట్ల కమిషను తీసుకునే మధ్యవర్తి. పూర్వం ఇల్లు అడగాలంటే అరుగు దగ్గరకు వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు వాచ్‌మన్ గది పక్కనున్న ఆఫీసు గదికి వెళ్ళాలి. అక్కడ కూర్చున్నాయన ఇల్లు ఇచ్చేవాడు కాడు కానీ ఇవ్వనివాడు మాత్రం కాగలడు.

మూడేళ్ళ క్రితం నాకు ఎదురైన మేనేజరు గురించి చెబుతాను. ఆయన పేరుగాని, ఆ అపార్టుమెంటు పేరుగాని చెప్పను. ఆ మనిషి మీద కసి తీర్చుకోవడం నా ఉద్దేశం కాదు.

మా అల్లుడు కువైట్‌లో పనిచేస్తాడు. మనవరాలిని ఇక్కడ ఇంటర్మీడియట్‌లో చేర్చాలని, అమ్మాయి, మనవరాలు, నేను, మా ఇంటావిడ కలిసి ఉండేలా ఒక ఫ్లాటు చూడాలని అనుకున్నాం. టులెట్ బోర్డు మీదున్న నంబరుకు అమ్మాయి ఫోను చేసింది. "ఆయ్, ఖాళీగానే ఉందండీ, రెండో అంతస్తు, తూర్పు ముఖం, వచ్చి చూసుకోండి" అని ఎంతో మర్యాదగా చెప్పారు. మేము ముగ్గురం వెళ్ళాం. ఫ్లాటు చూశాం. నచ్చింది. కిందికి వచ్చి కూర్చున్నాక ఆయన పుస్తకం తీసి "పేరు చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆయన రాయలేదు. కలం మూత పెట్టారు.

అంతవరకు నన్ను "మాస్టారూ" అని పిలిచినాయన ఆ క్షణం నుంచి "సాయిబుగారూ" అన్నారు. ఆ పిలుపులో తప్పు లేదు, గోదావరి జిల్లాలలో మనల్ని గౌరవంగా అలాగే పిలుస్తారు. కానీ ఆ మార్పు జరిగిన సమయమే మనసుకు తగిలింది. తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. అల్లుడుగారు ఇక్కడ ఎందుకు ఉండరు? ఇంటికి ఎంతమంది వస్తారు? శుక్రవారం మీవాళ్ళు అందరూ ఒకచోట చేరతారా? బక్రీదుకు ఏం చేస్తారు? పెళ్ళి ధ్రువపత్రం ఉందా? గెజిటెడ్ అధికారులైన ఇద్దరు హామీదారులను తేగలరా? మూడు నెలలకు బదులు ఆరు నెలల అడ్వాన్సు ఇవ్వగలరా? అన్నిటికీ "ఇస్తాం, తెస్తాం" అన్నాను. అన్నిటికీ ఒప్పుకునేసరికి ఆయనకు ప్రశ్నలు అయిపోయాయి. "ఓనరుగారిని అడిగి చెబుతాను" అన్నారు. మర్నాడు ఫోను చేస్తే "నిన్న రాత్రే వేరేవాళ్ళకు ఇచ్చేశామండీ" అన్నారు. పది రోజుల తరువాత నల్లవంతెన వైపు వెళుతూ చూశాను. బోర్డు అక్కడే వేలాడుతోంది.

ఇంతవరకు ఇది మీలో చాలామందికి జరిగిన కథే. ఆ రోజు ఆటోలో తిరిగి వస్తూ మా మనవరాలు అన్న మాట కోసం దీన్ని చెప్పాను. "నానా, ఈసారి నేను ఫోను చేస్తాను. మా కాలేజీలో నన్ను పింకీ అంటారు. ఆ పేరే చెబుతాను" అంది. పదహారేళ్ళ పిల్ల. ఏడవలేదు, కోప్పడలేదు. సమస్యకు ఒక తేలిక దారి కనిపెట్టానన్నట్టు మామూలుగా అంది. నాకు ఆ మేనేజరు ప్రశ్నలన్నిటికంటే ఆ మాట బాధ కలిగించింది.

ఆ పిల్ల చెప్పిన దారిలో ఇప్పటికే మనవాళ్ళు చాలామంది నడుస్తున్నారు. రాజోలు ప్రాంతం నుంచి హైదరాబాదు వెళ్ళిన ఒక కుర్రవాడు స్నేహితుడి పేరు మీద గది తీసుకున్నాడు. అద్దె ఇతనే కట్టేవాడు. అయితే ఒప్పందపత్రం మీద ఇతని పేరు లేదు. బ్యాంకులో చిరునామా మార్చుకోవాలంటే కాగితం లేదు. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ వస్తే ఆ ఇంట్లో ఉన్నట్టు రుజువు లేదు. స్నేహితుడికి ఉద్యోగం మారి వెళ్ళిపోయాక అడ్వాన్సు ఎవరికి తిరిగి రావాలన్న తగవు వచ్చింది. అన్నిటికంటే మించి, తల్లి చూడటానికి వచ్చినప్పుడు బురఖా తీసి మెట్లు ఎక్కమని ఆమెకు చెప్పవలసి వచ్చింది. ఆ ముక్క అతను నాకు చెప్పినప్పుడు తల వంచుకున్నాడు.

ఇక్కడ మన జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో ఆయన జీవితంలోని ఒక సంఘటన గుర్తు చేయాలి. ఆ పేరు పెట్టినందుకు 2022 మే 24న ఈ ఊళ్ళో ఏం జరిగిందో మీకు తెలుసు. ఇళ్ళు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆ పేరుగల మనిషికి ఒకప్పుడు అద్దెకు గది దొరకలేదన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. విదేశాలలో పెద్ద చదువులు చదివి వచ్చిన డాక్టర్ అంబేద్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరడానికి వెళ్ళారు. హిందూ హోటళ్ళలో గది దొరకదు. చివరకు ఒక పార్సీ సత్రానికి వెళ్ళారు. ఆ సత్రం చూసుకునే మనిషి అది పార్సీలకే ప్రత్యేకమని చెప్పి, తరువాత ఒక ఉపాయం చెప్పాడు. పుస్తకంలో పార్సీ పేరు రాసుకుంటే ఉండనిస్తానన్నాడు. అతనికి రోజువారీ అద్దె వస్తుంది, ఈయనకు తలదాచుకునే చోటు దొరుకుతుంది. మరో దారి లేక ఆయన ఒప్పుకున్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పార్సీలు మెట్లెక్కి వచ్చారు. సాయంత్రానికి ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల ఇళ్ళకు వెళ్ళారు, ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. ఆయన కామాటీబాగ్ తోటలో కూర్చుని పొద్దు పోయేదాకా గడిపి రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తరువాత దీన్ని తానే రాసుకున్నారు.

ఆ సత్రం మనిషిని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అతడు దుర్మార్గుడు కాడు. పేరు మార్చుకుంటే సర్దుకుపోదాం అన్నాడు. మనకు ఎదురయ్యే మేనేజర్లలో కొందరు ఇలాంటివారే. "ఫ్లాటు మీ స్నేహితుడి పేరు మీద రాయించుకోండి, నేను చూసీచూడనట్టు ఉంటాను" అంటారు. దయ చూపిస్తున్నట్టే ఉంటుంది. కర్రలు వచ్చిన రోజున ఆ దయ మెట్ల మీద నిలబడదు. అద్దె పుస్తకంలో ఉన్నది మన పేరు కాకపోతే, "నేను ఇక్కడ హక్కుగా ఉంటున్నాను" అని అనడానికి మనకు నోరు ఉండదు.

అందుకని నేను మనవరాలికి "పింకీ వద్దమ్మా" అని చెప్పి, నాకు వచ్చిన ఏకైక విద్యను వాడాను. అర్జీ రాశాను.

ఆ అర్జీ సంగతి వివరంగా చెబుతాను, మీకు పనికివస్తుంది. ఒక పేజీ దాటలేదు. మేమెవరం, ఎంతమందిమి, ఆదాయం ఎలా వస్తుంది, ఇంతకు ముందు ఎక్కడ అద్దెకు ఉన్నాం అన్నవి నాలుగు వాక్యాలు. అందరు అద్దెదారులను అడిగే కాగితాలు ఏవైనా ఇస్తామని ఒక వాక్యం. "అందరినీ అడిగే" అన్న మాట కింద గీత గీశాను. పోలీసు విచారణ అందరికీ ఉంటే మాకూ అభ్యంతరం లేదని రాశాను. చివరి వాక్యం ఇది: "ఫ్లాటు మాకు ఇవ్వడానికి వీలుపడని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన." ఎక్కడా కోపం లేదు, మతం మాట లేదు, చట్టం పేరు చెప్పి బెదిరించలేదు. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం అడిగాను. ఆయన సంతకం పెట్టలేదు. "ఇవన్నీ ఎందుకండీ సాయిబుగారూ, ఇదేమైనా గవర్నమెంటు ఆఫీసా?" అన్నారు. ఇంటికి వచ్చి అదే ప్రతిని పోస్టులో రశీదు తీసుకుని పంపాను.

తరువాత యజమాని ఎవరో కనుక్కున్నాను. ఇది కష్టమైన పని కాదు. మీటరు బోర్డు దగ్గర వేలాడే కరెంటు బిల్లు మీద పేరు ఉంటుంది. ఆ పేరును బట్టి ఆయనది ముమ్మిడివరం వైపు ఊరని, మస్కట్‌లో ఉంటారని తెలిసింది. నాతో పనిచేసిన ఒకరికి ఆ కుటుంబంతో పరిచయం ఉంది. ఆయన ద్వారా నంబరు తీసుకుని, ముందు వాట్సాప్‌లో అర్జీ పంపి, తరువాత మాట్లాడాను. ఆ యజమాని నిజంగా ఆశ్చర్యపోయారు. "బ్రహ్మచారులకు వద్దని మాత్రమే చెప్పానండీ. నేను ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ముస్లిముల మధ్యే ఉంటున్నాను" అన్నారు. అయినా వెంటనే అవునని అనలేదు. మేనేజరును అడుగుతానన్నారు. మేనేజరు ఆయనకు మిగతా ఫ్లాట్లవాళ్ళు అభ్యంతరం పెడతారని చెప్పారట. ఎవరు అభ్యంతరం పెట్టారని ఆయన పేర్లు అడిగారు. మేనేజరు దగ్గర పేర్లు లేవు.

పంతొమ్మిదో రోజున తాళంచెవి మా చేతికి వచ్చింది. మేము ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం. మేనేజరుగారు నాకు నమస్కారం చేయరు. నేనే చేస్తాను. పొద్దున్న ఆరింటికి నీళ్ళ మోటారు మాత్రం వేళకు వేస్తారు, నాకు అది చాలు.

అన్ని చోట్లా ఇలా జరుగుతుందని చెప్పను. నాకు విశ్రాంత ఉద్యోగినన్న గౌరవం, కాస్త పరిచయాలు, వెంటపడే ఓపిక ఉన్నాయి. టైలరు పనిచేసే తమ్ముడికి, భర్త దగ్గర లేని చెల్లెలికి పంతొమ్మిది రోజులు తిరిగే తీరిక ఎక్కడిది? యజమానే స్వయంగా "మీవాళ్ళకు ఇవ్వను" అంటే ఈ ఉపాయమంతా అక్కడితో ఆగిపోతుంది. అక్కడ చట్టం ఏం చేస్తుందని మీరు అడుగుతారు. నిజం చెప్పాలంటే చాలా తక్కువ చేస్తుంది. ఈ నిజాన్ని దాచి ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

రాజ్యాంగం 15వ అధికరణంలోని మొదటి భాగం మతం పేరుతో వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. రెండో భాగం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల వంటివాటి వరకు పౌరులందరికీ ప్రవేశం ఇస్తుంది. అద్దె ఇల్లు ఆ వరుసలో లేదు. 2005లో అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వం పార్సీలకే పరిమితం చేసే నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటరానితనం కారణంగా ఒకరిని ఒక ప్రాంతంలో నివాసం ఉండనివ్వకపోవడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. మతం కారణంగా ఇల్లు ఇవ్వకపోతే అలాంటి చట్టం లేదు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లిములకు ఇల్లు అద్దెకు తీసుకోవడంలో, కొనుక్కోవడంలో ఎదురయ్యే కష్టాన్ని నమోదు చేసింది. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసర నగరాలలో వేరువేరు పేర్లతో ఫోను చేసి, నేరుగా వెళ్ళి పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించింది. దళితుల పేరుకు తిరస్కారం ఉంది, ముస్లిం పేరుకు ఇంకా ఎక్కువ ఉంది. వివక్షను నిషేధించే ఒక ప్రైవేటు బిల్లును శశిథరూర్ లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

అమెరికాలో 1968 నుంచి న్యాయమైన గృహవసతి చట్టం ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు అది వచ్చింది. జాతి, రంగు, మతం కారణంగా ఇల్లు నిరాకరిస్తే యజమానే కాక అతని తరఫున పనిచేసే మేనేజరు కూడా బాధ్యుడు. మన కోనసీమ నుంచి అమెరికా వెళ్ళి అక్కడ ఫ్లాటు అద్దెకు తీసుకున్న కుర్రవాడికి ఆ చట్టం రక్షణ ఇస్తోంది. అమలాపురంలో అతని ఫ్లాటును అద్దెకు అడిగే మనకు ఆ రక్షణ లేదు. గ్రామం నుంచి పార్లమెంటు దాకా మనం అడగవలసిన చట్టం ఇది. ముస్లిముల కోసమే అడిగితే రాదు. దళితులతో, ఒంటరి స్త్రీలతో, వికలాంగులతో కలిసి అడగాలి.

ఉన్న వాటిలో మనకు కాస్త పనికివచ్చేది 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం. నమూనా కనుక రాష్ట్రం ఎంత చేర్చుకుంటే అంతే అమలవుతుంది. అందులో కూడా మత వివక్ష మాట లేదు. కానీ మేనేజరు ఎవరో, ఎంతవరకో అది చెప్పింది. యజమాని మేనేజరును పెట్టుకుంటే ఆయన పేరు, ఆయనకు అధికారం ఇచ్చినట్టు రుజువు, ఏయే పనులకు ఎంతకాలం ఇచ్చారో అద్దెదారుకు తెలియజేయాలి. అద్దె వసూలు చేస్తే రశీదు ఇవ్వాలి. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. ఇంట్లోకి తనిఖీకి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి. నీరు, కరెంటు, లిఫ్టు ఆపరాదు. మేనేజరుతో మాట్లాడేటప్పుడు చట్టం పుస్తకం చూపించనక్కర లేదు. "మీకు ఓనరుగారు ఇచ్చిన అధికార పత్రం ఒకసారి చూపిస్తారా?" అని నవ్వుతూ అడిగితే చాలు. చాలామంది దగ్గర అలాంటి పత్రం ఉండదు. ఆ ప్రశ్నతో ఆయనకూ, మనకూ ఒక సంగతి గుర్తుకు వస్తుంది, ఆ ఇల్లు ఆయనది కాదని.

ఇల్లు దొరికాక కూడా నిర్లక్ష్యం వద్దు. సాధారణంగా పదకొండు నెలలకు ఒప్పందం రాస్తారు. పదకొండు నెలలైనా సరే రాయించుకోండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "అద్దె నిమిత్తం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. పెళ్ళి ధ్రువపత్రం, అతిథుల జాబితా వంటివి అడిగితే "మిగతావాళ్ళు ఇచ్చారా అండీ?" అని మర్యాదగా అడగండి. ఇచ్చారంటే మనమూ ఇద్దాం. ప్రతి తిరస్కారాన్ని ఒక పుస్తకంలో తేదీ, సమయం, చెప్పిన కారణంతో రాసి పెట్టుకోండి. ఒక్క కుటుంబం ఫిర్యాదు చేస్తే అది గొడవ. నలభై కుటుంబాలు తేదీలతో సహా రాష్ట్ర మైనారిటీ కమిషనుకు, జాతీయ మైనారిటీ కమిషనుకు పెడితే అది దస్త్రం అవుతుంది. 1992 నాటి చట్టం ప్రకారం జాతీయ కమిషనుకు ఇలాంటి ఫిర్యాదులు విచారించే బాధ్యత ఉంది. ఇల్లు ఇప్పించే అధికారం వారికి లేదు. ప్రశ్న అడిగే అధికారం ఉంది.

ఇక మన ఇళ్ళ గురించి. ఈ మాట కొందరికి రుచించదు. మొన్న ఒక దళిత ఉపాధ్యాయుడు మన సోదరుల్లో ఒకరి భవనంలో వాటా అడిగితే "ఖాళీ లేదు" అని చెప్పారు. ఖాళీ ఉంది. నేను వెళ్ళి అడిగితే, "మిగతా అద్దెదారులు ఏమనుకుంటారో గుమాస్తాగారూ" అన్నారు. నాకు మా మేనేజరు కళ్ళముందు కనిపించాడు. పేర్లు చెప్పమని అడిగాను. ఆయన దగ్గరా పేర్లు లేవు. రెండు రోజులు ఆలోచించి, పిలిచి ఇచ్చారు. ఆయన ఈ సభలో లేరు. ఉన్నా పేరు చెప్పేవాణ్ణి కాను. నలభై ఏళ్ళ క్రితం రేవు దాటి వచ్చిపోయిన నా సహోద్యోగి ఇంకా బతికే ఉన్నాడు. ఈ సంగతి ఫోనులో చెప్పాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మీ ఊళ్ళో చేపల ధర ఎలా ఉందిరా?" అని అడిగాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మా పెంకులు లేచిపోయాక పిల్లలతో పక్క డాబా ఇంట్లోకి పరుగెత్తాం. ఒక్క గదిలో ముప్పైమంది తెల్లవార్లూ కూర్చున్నాం. ఆ ఇంటాయన తలుపు తీసేటప్పుడు పేరు అడగలేదు. తెల్లవారాక పడిపోయిన కొబ్బరిచెట్లను చూసి అందరం కలిసే ఏడ్చాం. ఆ కోనసీమ, ఈ కోనసీమ ఒకటే నేల అని నాకు నేను తరచూ చెప్పుకుంటూ ఉంటాను.

చివరగా పని మాట. బల్ల మీద రెండు రిజిస్టర్లు పెట్టాను. ఒకదాంట్లో ఇల్లు కావలసినవారు రాయండి. రెండోదాంట్లో మీ దగ్గర ఖాళీ వాటాలు, గదులు ఉంటే రాయండి. అక్కడ "ముస్లిములకు మాత్రమే" అని రాస్తే నేను ఆ వరుస కొట్టివేస్తాను, ముందే చెబుతున్నాను. అర్జీ నమూనా యాభై ప్రతులు తీయించాను. ప్రతి ఆదివారం అస్ర్ నమాజు తరువాత మస్జిదు పక్క గదిలో ఉంటాను. రాసుకోవడం రానివాళ్ళు వస్తే నేను రాసి పెడతాను. రెండు ప్రతులకు సరిపడా కాగితాలు తెచ్చుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ వెనుక కూర్చున్న అమ్మ ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు, ముందు ఆవిడకు మైకు ఇవ్వండి.